పాఠం ఒకరిది, పరీక్ష మరొకరిది: ఆక్స్‌ఫర్డ్ చదువు నడిచే తీరు

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ పదవి వదిలి 1936లో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లారు. తూర్పు దేశాల మతాలు, నీతిశాస్త్రం మీద పెట్టిన స్పాల్డింగ్ ప్రొఫెసర్ పదవిలో 1952 దాకా ఉన్నారు. అక్కడ ఆయన కాలేజీ ఆల్ సోల్స్. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియని సంగతి ఏమిటంటే, ఆల్ సోల్స్‌లో డిగ్రీ విద్యార్థులను చేర్చుకోరు. అందులో ఉండేది ఫెలోలే, అంటే కాలేజీ సభ్యులైన పండితులే. కాలేజీ అంటేనే పిల్లలుండే చోటు అనుకునే మనకు ఇది మింగుడుపడదు. పిల్లలు లేని కాలేజీలో ఉండి ఆయన పాఠం ఎవరికి చెప్పినట్టు?

ఏ కాలేజీ విద్యార్థి అయినా వచ్చి వినవచ్చు. ఎందుకంటే ప్రొఫెసర్ పదవి యూనివర్సిటీది. ఫెలో హోదా కాలేజీది. ఒకే మనిషి రెండు చోట్ల రెండు వేర్వేరు హోదాల్లో ఉంటాడు. అక్కడి విద్యార్థి పరిస్థితీ అదే. ఆక్స్‌ఫర్డ్‌లో చదివానంటే కాలేజీలో చదివినట్టా, యూనివర్సిటీలో చదివినట్టా అని అడిగితే రెండూ అనే చెప్పాలి. కానీ ఏ పని ఎవరి వంతు అన్న పంపకం తెలియకపోతే అక్కడి నల్ల గౌన్లు, చొక్కా మీద పువ్వులు, ఎనిమిది వారాల ఉరుకులు పరుగులు అన్నీ సినిమా సెట్టింగుల్లా కనిపిస్తాయి.

పంపకం స్థూలంగా ఇది. డిగ్రీలో ఎవరిని చేర్చుకోవాలో తేల్చేది కాలేజీ. గది, తిండి, లైబ్రరీ, వారం వారం ట్యూటర్ ఎదుట కూర్చోబెట్టే ట్యుటోరియల్ కాలేజీ చూసుకుంటుంది. సిలబస్, లెక్చర్లు, ల్యాబులు, పరీక్షలు, చివరికి డిగ్రీ పట్టా యూనివర్సిటీ వంతు. కాలేజీలు, హాళ్లు కలిపి 40కి పైగా ఉన్నాయి. విద్యార్థులు 26,000 మంది దాకా ఉంటారు, వాళ్లలో సుమారు సగం మంది డిగ్రీ వాళ్లు.

ఇది విని మన అఫిలియేటెడ్ కాలేజీల పద్ధతే కదా అనిపించడం సహజం. 1857లో మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో యూనివర్సిటీలు పెట్టినప్పుడు లండన్ యూనివర్సిటీని నమూనాగా తీసుకున్నారు. కాలేజీలు పాఠం చెప్పాలి, యూనివర్సిటీ పరీక్ష పెట్టాలి. పైకి ఆక్స్‌ఫర్డ్‌దీ ఇదే బొమ్మ. తేడా అల్లా పెత్తనంలో ఉంది. మన దగ్గర యూనివర్సిటీ పైన కూర్చుని కాలేజీకి గుర్తింపు ఇస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో చాలా కాలేజీలకు సొంత చార్టరు, సొంత భూములు, సొంత డబ్బు, సొంత నియమాలు ఉన్నాయి. యూనివర్సిటీలో సర్వాధికారం కాంగ్రిగేషన్ అనే సభది. అందులో ఉన్న 5,000 పైచిలుకు మందిలో చాలామంది ఈ కాలేజీల ఫెలోలూ, అధ్యాపకులే. ఇంటి పెద్ద ఎవరో బయటివాళ్లకు అర్థం కాని ఉమ్మడి కుటుంబం లాంటిది అది. మెర్టన్, బేలియల్, యూనివర్సిటీ కాలేజీ మూడూ 1249కి, 1264కి మధ్య పుట్టినవి. యూనివర్సిటీకైతే పుట్టిన తేదీయే లేదు. 1096 నాటికే అక్కడ పాఠాలు జరుగుతున్నాయని మాత్రం తెలుసు.

నా ఉద్దేశంలో ఆక్స్‌ఫర్డ్ చదువుకు అసలు తాళంచెవి ఈ పంపకంలో ఉంది. వారం వారం నిన్ను చదివించే మనిషి చేతిలో నీ మార్కులు ఉండవు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి.

అయితే ఇది ఎవరో కూర్చుని ముందుచూపుతో గీసిన ప్లాను కాదు. 18వ శతాబ్దంలో అక్కడి పరీక్షలు వట్టి తూతూమంత్రం. తర్వాత ఇంగ్లండ్ లార్డ్ చాన్సలర్ అయిన లార్డ్ ఎల్డన్ 1770లో తన డిగ్రీ పరీక్ష ఎలా జరిగిందో తానే చెప్పుకున్నాడు. హిబ్రూలో ఒక ప్రశ్న, చరిత్రలో ఒక ప్రశ్న. కపాల స్థలాన్ని హిబ్రూలో ఏమంటారు అని అడిగితే గొల్గొతా అన్నాడు. యూనివర్సిటీ కాలేజీని స్థాపించింది ఎవరంటే ఆల్ఫ్రెడ్ రాజు అన్నాడు. పాసైపోయాడు. తమాషా ఏమిటంటే ఆ రెండో జవాబు తప్పు, అది వట్టి పుక్కిటి కథ. చదువు చెప్పడం కూడా అలాగే ఉండేది. 1740ల్లో బేలియల్‌లో చదివిన ఆడమ్ స్మిత్, అక్కడి ప్రొఫెసర్లలో ఎక్కువమంది పాఠం చెబుతున్నట్టు నటించడం కూడా మానేశారని తర్వాత రాశాడు. చెప్పినా చెప్పకపోయినా జీతం వస్తుంటే ఎవరు మాత్రం చెబుతారన్నది ఆయన వాదన. 1752లో మాడ్లిన్ కాలేజీలో చేరిన చరిత్రకారుడు గిబ్బన్ అయితే అక్కడ గడిపిన 14 నెలలను తన జీవితంలో అత్యంత వ్యర్థమైన కాలంగా లెక్కవేసుకున్నాడు.

1800లో యూనివర్సిటీ పరీక్షల నియమాలు మార్చింది. ఆనర్స్ వచ్చింది, పోటీ వచ్చింది. 1808లో రాబర్ట్ పీల్ ప్రాచీన భాషల్లోనూ గణితంలోనూ ఫస్ట్ క్లాసు కొట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆయనే తర్వాత బ్రిటన్ ప్రధాని. పరీక్ష ఒక్కసారిగా గట్టిపడింది, కాలేజీల్లో పాఠం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఈ సందులో ఏం పుట్టుకొస్తుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కోచింగ్! డబ్బు తీసుకుని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పరీక్షకు తయారుచేసే ప్రైవేటు ట్యూటర్లు ఊరంతా వెలిశారు. 19వ శతాబ్దం నడిచేకొద్దీ కాలేజీలు ఆ పనిని తమ చేతిలోకి తీసుకున్నాయి. 1870 నుంచి 1893 దాకా బేలియల్ మాస్టర్‌గా, అంటే కాలేజీ పెద్దగా ఉన్న బెంజమిన్ జోవెట్ లాంటి వాళ్లు దాన్నొక గౌరవమైన పద్ధతిగా నిలబెట్టారు. ఇవాళ ప్రపంచమంతా మేలిమి బోధన అని మెచ్చుకునే ఆక్స్‌ఫర్డ్ ట్యుటోరియల్‌కు ఒక తాత కోచింగ్ మాస్టారే.

ఇంకో కారణం పెళ్లి. అప్పటిదాకా ఫెలోలలో చాలామంది బ్రహ్మచారులుగా ఉండాలి, పెళ్లి చేసుకుంటే పదవి పోయేది. కాబట్టి కుర్రవాళ్లు కొన్నేళ్లు ఫెలోగా ఉండి, ఎక్కడో చర్చిలో ఉద్యోగం దొరకగానే పెళ్లి చేసుకుని వెళ్లిపోయేవారు. 1877లో మొదలైన సంస్కరణలతో ఈ నిబంధన సడలింది. భార్యాపిల్లలతో ఊళ్లోనే ఇల్లు తీసుకుని జీవితాంతం పాఠం చెప్పుకునే ఉద్యోగం అప్పుడు పుట్టింది.

కాలేజీకీ యూనివర్సిటీకీ మధ్య ఉన్న ఈ గీత ఆడవాళ్ల విషయంలో చాలా క్రూరంగా పనిచేసింది. 1879లో వాళ్ల కోసం లేడీ మార్గరెట్ హాల్, సోమర్‌విల్ తెరిచారు. చదువుకోవచ్చు, మెల్లమెల్లగా పరీక్షలూ రాయనిచ్చారు, డిగ్రీ మాత్రం లేదు. బొంబాయి రాష్ట్రం నుంచి సోమర్‌విల్‌కు వెళ్లిన కార్నీలియా సొరాబ్జీ ప్రత్యేక అనుమతితో 1892లో న్యాయశాస్త్రంలో బీసీఎల్ పరీక్ష రాసింది. ఆ పరీక్ష రాసిన మొదటి మహిళ ఆమె. యూనివర్సిటీ ఆడవాళ్లకు డిగ్రీలు ఇవ్వడం 1920లో మొదలుపెట్టింది. సొరాబ్జీ చేతికి పట్టా వచ్చింది 1922లో, అంటే 30 ఏళ్ల తర్వాత.

ఇప్పుడు ఆ ట్యుటోరియల్ గదిలోకి వెళ్దాం. చరిత్రో, సాహిత్యమో, రాజనీతి శాస్త్రమో చదివే విద్యార్థికి వారం మొదట్లో ఒక ప్రశ్న వస్తుంది, కింద పుస్తకాల జాబితాతో. ప్రశ్న ఒక్క వాక్యమే. జాబితా మాత్రం చాంతాడంత. అంతా చదవడం వారంలో కుదిరే పని కాదని ఇచ్చినవాళ్లకూ తెలుసు, పుచ్చుకున్నవాళ్లకూ తెలుసు. ఏ పుస్తకం మొత్తం చదవాలి, దేంట్లో ఒక అధ్యాయంతో సరిపెట్టాలి, దేన్ని వదిలేయాలి అని తేల్చుకోవడం కూడా నేర్పుతున్నారన్నమాట. చదివి, ఐదారు పేజీల వ్యాసం రాసి ట్యూటర్ గదికి వెళ్లాలి. గదిలో ఒక ట్యూటర్, ఒకరో ఇద్దరో ముగ్గురో విద్యార్థులు. గంటసేపు. వెనకటి రోజుల్లో విద్యార్థి తన వ్యాసాన్ని పైకి చదివి వినిపించేవాడు. ఇప్పుడు ఎక్కువమంది ముందే పంపించేస్తారు. సైన్స్, గణితం వాళ్లకు వ్యాసం బదులు లెక్కల షీటు ఉంటుంది. కేంబ్రిడ్జ్‌లోనూ ఇదే పద్ధతి, దానికి అక్కడి పేరు సూపర్విజన్.

ఆ గంటలో పాఠం జరగదు. అది జరిగేది లెక్చర్ హాల్లో, దానికి వెళ్లకపోయినా చాలా సబ్జెక్టుల్లో ఎవరూ హాజరు తీసుకోరు. ట్యుటోరియల్‌లో జరిగేది విచారణ. ఫ్రెంచి విప్లవానికి రొట్టె ధర కారణమని రాశావు, ధర అంతకన్నా పెరిగిన సంవత్సరాల్లో విప్లవం ఎందుకు రాలేదు? ఈ పదాన్ని మొదటి పేజీలో ఒక అర్థంలో వాడావు, మూడో పేజీలో ఇంకో అర్థంలో వాడావు, ఏది నీది? పక్కవాడు దీనికి ఎదురు మాట రాశాడు, నువ్వేమంటావు? పుస్తకంలో అలా ఉందండీ అంటే కుదరదు. పుస్తకం రాసినాయన గదిలో లేడు, నువ్వున్నావు. సార్, మేడమ్ లాంటి పిలుపులు కూడా పెద్దగా వినబడవు. చాలామంది ట్యూటర్లను పేరు పెట్టి పిలుస్తారు.

ఆ వ్యాసానికి కొందరు ట్యూటర్లు ఏదో ఒక అంకె వేస్తారు, కొందరు వేయరు. వేసినా అది డిగ్రీలో కలవదు. అందుకే విద్యార్థి తెగించి అడ్డదిడ్డమైన వాదన ఒకటి పట్టుకుని చూడగలడు. కూలిపోతే కూలిపోతుంది, నష్టం ఒక గంట సేపు సిగ్గుపడటమే. ట్యూటర్‌ను మంచి చేసుకుంటే లాభం ఏమీ లేదు. ఇంటర్నల్ మార్కులు లెక్చరర్ చేతిలో ఉన్న చోట చదువుకున్నవాళ్లకు ఈ ఒక్క మార్పు ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ట్యూటర్ కూడా పోలీసు కాదు, జట్టులోని కోచ్. ఇద్దరికీ ఎదురుగా ఉన్నది మూడో మనిషి, యూనివర్సిటీ పరీక్షకుడు. ఈ రోజుల్లో వ్యాసాన్ని ఏఐ చేత రాయించుకునే టెంప్టేషన్ అక్కడా ఉంటుంది. కానీ మార్కులే లేని వ్యాసాన్ని రాయించుకుని చేసేదేముంది? తీరా గదిలో మొదటి ప్రశ్నకే నోరు పెగలదు.

పరీక్షకులు ఎక్కడినుంచో దిగిరారు, వాళ్లూ ఆ ట్యూటర్లలోనే కొందరు. కాకపోతే జవాబు పత్రం మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ప్రశ్నపత్రం ఏ ఒక్క ట్యూటర్ చేతిలోనూ ఉండదు. వేరే యూనివర్సిటీ నుంచి బయటి పరీక్షకులు కూడా వచ్చి చూస్తారు.

ఈ పద్ధతిని ఆకాశానికెత్తేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఇందులో మాటకారికి లాభం. సగం చదివి గంటసేపు ధైర్యంగా మాట్లాడేవాడు నెట్టుకొచ్చేస్తాడు. మొత్తం చదివి మాట రానివాడు తనకేమీ తెలియదేమో అనుకుని బయటికి వస్తాడు. పెద్దవాళ్లతో వాదించడం చిన్నప్పటినుంచి అలవాటైన ఇళ్లు, బళ్లు కొన్నే ఉంటాయి. ఇంగ్లండ్‌లో ఫీజు కట్టే ప్రైవేటు బళ్లలో చదివేవాళ్లు పిల్లల్లో సుమారు 7 శాతమే. ఆక్స్‌ఫర్డ్‌లో చేరే బ్రిటన్ విద్యార్థుల్లో మాత్రం ఇటీవలి సంవత్సరాల్లో కూడా మూడో వంతు వాళ్లే ఉంటున్నారు. దీనికి కారణాలు అనేకం, ట్యుటోరియల్ ఒక్కదాని మీద నెట్టేయలేం. అయినా నోరున్నవాడికి ఎక్కువ వినబడే గది అది అన్నది మర్చిపోకూడదు.

అడ్మిషన్ ఇంటర్వ్యూ గురించి బయట ఇన్ని కథలు తిరగడానికి కారణమూ ఇదే. ఏటా 23,000 మందికి పైగా దరఖాస్తు చేస్తారు, డిగ్రీ సీట్లు 3,300 దాకా ఉంటాయి. ఒకే ఏడు ఆక్స్‌ఫర్డ్‌కూ కేంబ్రిడ్జ్‌కూ రెండింటికీ పెట్టుకోవడం మామూలుగా కుదరదు. గడువు అక్టోబర్ 15, మిగతా బ్రిటన్ యూనివర్సిటీల కన్నా చాలా ముందు. డిసెంబర్‌లో ఇంటర్వ్యూలు, 2020 నుంచి ఆన్‌లైన్‌లో నడుస్తున్నాయి. ఇంటర్వ్యూ చేసేది ఏదో అడ్మిషన్ల ఆఫీసు సిబ్బంది కాదు, ఆ సబ్జెక్టు ట్యూటర్లు. ఎన్నుకున్న పిల్లలను తర్వాత మూడేళ్లు వారం వారం భరించాల్సింది వాళ్లే! అందుకే నీకొచ్చిన జవాబు కన్నా, జవాబు రానప్పుడు నువ్వు ఏం చేస్తావన్నది చూస్తారు. చిన్న సూచన ఇచ్చి, దాన్ని అందుకుని ముందుకు కదులుతావా లేదా అని చూస్తారు. అంటే అది ఇంటర్వ్యూ రూపంలో ఉన్న మొదటి ట్యుటోరియల్. బట్టీ పట్టిన జవాబులతో వెళ్లేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. నువ్వు కోరుకున్న కాలేజీలో చోటు లేకపోతే ఇంకో కాలేజీ తీసుకోవచ్చు కూడా.

ఇక క్యాలెండరు. ఏడాదికి మూడు టర్ములు: మికల్మస్, హిలరీ, ట్రినిటీ. ఒక్కోటి ఎనిమిది వారాలు. అంటే ఏడాదిలో బోధన జరిగేది 24 వారాలే. వారం ఆదివారంతో మొదలవుతుంది, తేదీలకు బదులు వారాల నంబర్లతోనే మాట్లాడుకుంటారు. మూడో వారం బుధవారం కలుద్దాం అంటారు. టర్ము మొదలయ్యే ముందు వారానికి సున్నా వారం అని పేరు. ఈ ఎనిమిది వారాల్లో వ్యాసాల సబ్జెక్టుల వాళ్లు ఎనిమిది నుంచి పన్నెండు దాకా రాస్తారు. ఒక వారం జ్వరం వస్తే రెండో వారం దాకా బాకీ, అది తీరేలోపు మూడోది. సగం దాటాక అందరూ ఒకేసారి డీలా పడతారు, దానికి ఐదో వారం దిగులు అని పేరే ఉంది. టర్ములో పార్ట్‌టైమ్ ఉద్యోగాలు వద్దనే యూనివర్సిటీ చెబుతుంది. పైగా డిగ్రీ విద్యార్థి టర్ములో చెప్పినన్ని రాత్రులు ఊరి నడిబొడ్డున ఉన్న కార్ఫాక్స్ కూడలికి ఆరు మైళ్ల లోపలే ఉండాలన్న నిబంధన ఇప్పటికీ ఉంది.

మిగిలిన 28 వారాలు సెలవులా అంటే, పేరుకు సెలవులే. టర్ములో చదవలేక వదిలేసిన జాబితా అప్పుడు చదవాలి. ఎందుకంటే తిరిగిరాగానే సున్నా వారం చివర్లో కలెక్షన్స్ అనే కాలేజీ పరీక్షలు కాచుకుని ఉంటాయి. ఇవీ డిగ్రీలో కలవవు. మరి ఎందుకు రాయాలి? కాలేజీకి నీ మీద ఉన్న పట్టు అదొక్కటే కాబట్టి. మార్కులు యూనివర్సిటీ చేతికి వెళ్లిపోయాక, పిల్లాడు వెనకబడుతున్నాడని కాలేజీకి తెలియాలంటే సొంత పరీక్ష ఒకటి కావాలి. చాలా కాలేజీల్లో ఏడాదికో టర్ముకో ఒకసారి కాలేజీ పెద్ద, ట్యూటర్లు కూర్చుని, విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి అతని చదువు గురించి అతని ముందే మాట్లాడుకుంటారు. దీన్ని కొన్నిచోట్ల హ్యాండ్‌షేకింగ్ అంటారు. పేరు వింటే ఏదో సన్మానంలా ఉంటుంది.

ఈ ఒత్తిడికి తట్టుకోలేకో, ఆరోగ్యం బాగాలేకో ఏడాది ఆపుకునేవాళ్లు ఉంటారు. దానికి వాడుకలో ఉన్న మాట రస్టికేట్. మన దగ్గర ఆ మాట వింటే ఇంట్లోవాళ్ల గుండె ఆగిపోతుంది, కాపీ కొట్టి దొరికినవాళ్లకు వేసే శిక్ష అది. అక్కడ జబ్బు చేసి ఇంటికి వెళ్లినవాణ్ణి కూడా రస్టికేట్ అయ్యాడనే అంటారు. లాటిన్‌లో ఆ మాటకు పల్లెలో కాలం గడపడం అని అర్థం.

యూనివర్సిటీ పరీక్షలు రెండు మెట్లు. మొదటిది ప్రిలిమ్స్ లేదా మోడ్స్, ఎక్కువ సబ్జెక్టుల్లో మొదటి ఏడాది చివర. పాసైతే చాలు, ఆ మార్కులు చివరి క్లాసులో కలవవు. రెండోది ఫైనల్స్. సైన్స్ కోర్సుల్లో దీన్ని రెండు మూడు ఏళ్లకు భాగాలుగా పంచారు. మానవీయ శాస్త్రాల్లో మాత్రం ఇప్పటికీ చాలా సబ్జెక్టులకు అసలు లెక్కంతా చివరి ఏడాదిలోనే తేలుతుంది. కొంత భాగం థీసిస్‌ల రూపంలో పోయినా, మిగతాదంతా ఆఖరి టర్ములో కొద్దివారాల్లో వరసగా మూడేసి గంటల పేపర్లు. 70, ఆపైన వస్తే ఫస్ట్, 60 నుంచి 69 దాకా టూ వన్ (సెకండ్ క్లాసులో పై మెట్టు), 50ల్లో టూ టూ (కింది మెట్టు), 40ల్లో థర్డ్. మన 95 శాతాలకు అలవాటుపడ్డ కళ్లకు 70 తక్కువ మార్కులా కనిపిస్తుంది. అక్కడ అది పండగ.

ఈ పరీక్షలకు సబ్‌ఫస్క్ వేసుకుని వెళ్లాలి. లాటిన్‌లో ముదురు రంగు అని అర్థం. ముదురు సూటు, తెల్ల చొక్కా, బో టై గానీ నల్ల రిబ్బను గానీ, పైన గౌను. 2012లో ఆడ మగ తేడా తీసేసి ఎవరైనా ఏదైనా వేసుకోవచ్చన్నారు. మొదటి మెట్టు పరీక్షల్లో డిస్టింక్షనో ఫస్టో తెచ్చుకున్నవాళ్లను కాలేజీ స్కాలర్లుగా ప్రకటిస్తే వాళ్లకు పొడుగు గౌను, మిగతావాళ్లకు పొట్టిది. పరీక్ష హాల్లో ఎవరి తెలివి ఎంతో బట్టల మీదే కనబడే ఈ ఏర్పాటు నాకు కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. 2015లో ఇవన్నీ తప్పనిసరిగా ఉండాలా అని విద్యార్థులే ఓటింగ్ పెట్టుకున్నారు. నాలుగింట మూడొంతుల మందికి పైగా ఉండాలనే ఓటేశారు. కుర్రవాళ్లు కాబట్టి పాతవాటిని తీసిపారేస్తారనుకున్నవాళ్లు కంగుతిన్నారు. పూల సంగతి ఏ రూల్లోనూ లేదు, వాళ్లే పెట్టుకున్నారు: మొదటి పేపరుకు తెల్ల కార్నేషన్, మధ్యవాటికి గులాబీ రంగు, ఆఖరిదానికి ఎరుపు. కాబట్టి హై స్ట్రీట్‌లో పరీక్షల భవనం ముందు నిలబడితే ఎవరికి ఎంత బాకీ ఉందో చూడగానే తెలిసిపోతుంది. ఎర్ర పువ్వుతో బయటికి వచ్చినవాడి మీద స్నేహితులు రంగులు, నురగ చల్లుతారు. యూనివర్సిటీ ఏటా వద్దంటుంది, జరిమానా అంటుంది, వాళ్లు ఏటా చల్లుతూనే ఉంటారు.

కాలేజీ బతుకు వేరే కథ. గేటు దగ్గర పోర్టర్లు, గదులు ఊడ్చే స్కౌట్లు, గౌన్లు వేసుకుని లాటిన్ ప్రార్థనతో మొదలయ్యే భోజనాలు, పడవ పందేలు. సీనియర్లు ఇద్దరిద్దరు ఉత్తుత్తి పెళ్లి చేసుకుని, కొత్తగా వచ్చిన పిల్లలను దత్తత తీసుకునే ఆచారం మాత్రం ముచ్చటైనది. మొదటి రోజే కొత్తవాడికి ఒక అమ్మ, ఒక నాన్న, కొందరు అన్నదమ్ములు తయారవుతారు. ర్యాగింగ్ ఉన్న చోట పుట్టి ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో.

డబ్బు దగ్గరికొస్తే అన్ని కాలేజీలూ ఒకటి కాదు. ముగ్గురేసి పిల్లలకు ఒక ట్యూటర్ అంటే ఖర్చు. బ్రిటన్ విద్యార్థి 2025-26లో కట్టే ఏడాది ఫీజు 9,535 పౌండ్లు, అది ఈ పద్ధతికి చాలదు. మిగతాది పాత ఆస్తుల మీద, విరాళాల మీద, ఎన్నో రెట్లు ఎక్కువ కట్టే విదేశీ విద్యార్థుల ఫీజుల మీద నడుస్తుంది. సెయింట్ జాన్స్ లాంటి కాలేజీలకు తరతరాల ఆస్తులున్నాయి. కొత్తగా వచ్చినవాటికి అంత లేదు. ఉన్న కాలేజీలు లేని కాలేజీలకు కొంత సర్దే నిధి ఒకటి నడుస్తోంది. అయినా డిగ్రీ ఒకటే, పరీక్ష ఒకటే అయినప్పుడు ఒక కాలేజీ పిల్లాడికి మూడేళ్లూ గది దొరికి, ఇంకో కాలేజీ పిల్లాడు రెండో ఏట ఊళ్లో అద్దె ఇళ్ల వేటలో పడటం న్యాయమా అన్న ప్రశ్న మాత్రం ప్రతి తరంలోనూ లేస్తుంది.

మన దేశం నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది పై చదువులకు వెళ్లేవాళ్లే కాబట్టి ఒక మాట చెప్పాలి. మాస్టర్స్, డీఫిల్ వాళ్లకు పైన చెప్పిన పంపకం తిరగబడుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీని డీఫిల్ అంటారు. వాళ్లను ముందు ఎంచుకునేది డిపార్ట్‌మెంటు, చదువు చూసేది అక్కడి సూపర్వైజరు. కాలేజీ అంటే గది, భోజనం, స్నేహితులు, ఇబ్బంది వస్తే చెప్పుకునే చోటు. నఫీల్డ్ కాలేజీలో ఉండి 1962లో డీఫిల్ పూర్తిచేసిన మన్మోహన్ సింగ్ చదివిన ఆక్స్‌ఫర్డ్ వేరు, ఒక ఇరవై ఏళ్ల డిగ్రీ కుర్రాడు వారానికో వ్యాసంతో తంటాలు పడే ఆక్స్‌ఫర్డ్ వేరు.

చివరగా ఒక పిడకల వేట. ఇంత గట్టిగా పరీక్ష పెట్టే యూనివర్సిటీ ఎం.ఏ.ను మాత్రం పరీక్ష లేకుండా ఇస్తుంది. బీఏ తెచ్చుకున్నవాళ్లు యూనివర్సిటీలో పేరు నమోదైన నాటి నుంచి 21 టర్ములు, అంటే ఏడేళ్లు, గడిచాక దరఖాస్తు పెట్టుకుంటే చాలు. చదవక్కర్లేదు, రాయక్కర్లేదు. పాత రోజుల్లో ఎం.ఏ. అంటే చదివిన చదువుకు గుర్తు కాదు, గురువుల సంఘంలో పూర్తి సభ్యత్వం. అందులో చేరినవాడికి పాఠం చెప్పే హక్కు, యూనివర్సిటీ వ్యవహారాల్లో ఓటు వచ్చేవి. ఇప్పుడు దానికి కావలసింది కాలం గడవడమే. అందుకే ఎవరైనా తన పేరు పక్కన ఆక్స్‌ఫర్డ్ ఎం.ఏ. అని రాసుకుంటే, అది చదివింది బీఏ అనీ, మిగతాది ఆగిన కాలం అనీ అక్కడివాళ్లు వెంటనే లెక్క కట్టేస్తారు.